ఆదివారం బ్రేకుల చెకింగ్: బండి ఆగేటప్పుడు అదురుతోందా?

ఓనర్లకు, డ్రైవరన్నలకు నమస్కారం 🙏

ఈ ఆదివారం ఉదయం 7 గంటలకు మన స్టాండులో బ్రేకుల చెకింగ్. బ్రేకు వేసి ఆపేటప్పుడు అదిరే బండ్లు ఖాళీగా తీసుకురండి. లోడుతో వస్తే జాకీ ఎత్తం.

వచ్చేలోపు ఇవి చూసి గ్రూపులో బండి నంబరుతో రాయండి:

స్టీరింగ్ అదురుతోందా, సీటూ బాడీనా? స్టీరింగ్ అయితే ముందు చక్రాలను, సీటు అయితే వెనక చక్రాలను ముందుగా అనుమానించాలి.

ఆగే ముందు క్లచ్ తొక్కగానే అదురు పోతే అది బ్రేకు కాదు, ఇంజిన్ మౌంటింగ్ (ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) చూడాలి.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, ఘాట్ దిగాక అదిరితే బ్రేకు డ్రమ్ము (చక్రంతో పాటు తిరిగే ఇనప గిన్నె) మీదే అనుమానం. కాలిన డ్రమ్ము మీద నీళ్లు కొట్టకండి అన్నా, దయచేసి! పగుళ్లొస్తాయి, వంకర పోతుంది.

ఆదివారం స్టాండులో జాకీ ఎత్తి చక్రం చేత్తో తిప్పితే ఒకేచోట రాసుకుంటూ మిగతా చోట వదులుగా ఉంటే డ్రమ్ము గుండ్రం తప్పినట్టే. లేత్ మిషను మీద లోపల చెక్కించి సరిచేయించవచ్చు, కానీ డ్రమ్ము మీద అచ్చు వేసిన గరిష్ఠ లోపలి వ్యాసం దాటితే మార్చాల్సిందే. లైనర్లు (డ్రమ్ముకు లోపల రాసుకుని చక్రాన్ని ఆపే పట్టీలు) ఒక్క పక్కే మార్చొద్దు, యాక్సిల్‌కు రెండు పక్కలా వేయాలి.

డ్రమ్ము బాగుంటే చక్రం బేరింగ్ ఆట (వదులు), కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు మళ్లే పిన్ను), కమాన్ పట్టీలను యాక్సిల్‌కు బిగించే యు బోల్టులు, బ్రేకు వేసే క్యామ్ తిరిగే బుష్‌లు వరసగా చూస్తాం. కొత్త డ్రమ్ములు కొనేముందు ఇవి చూడకపోతే డబ్బు దండగ.

చక్రాల కింద పెట్టే అడ్డుచెక్కలు మరవద్దు. వెనక చక్రం ఎత్తితే హ్యాండ్ బ్రేకు వదలాలి కాబట్టి అవి లేని బండిని ముట్టుకోం.

శనివారం సాయంత్రంలోగా పేర్లివ్వండి.