మన వన్‌టౌన్ గురించి మన పిల్లలే రాయాలి

సంపాదకులు గారికి నమస్కారం.

డిగ్రీ పిల్లలకి ఫస్టియర్ అయ్యాక సమ్మర్‌లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ ఉంటుంది కదండీ, 180 గంటలు, లాగ్‌బుక్కు, చివర్లో ఒక రిపోర్టు. నేను విజయవాడలో డిగ్రీ లెక్చరర్‌ని, ఆ రిపోర్టులు దిద్దుతుంటాను కాబట్టి చెప్తున్నా, చాలావరకు పోయినేడు సీనియర్లు రాసినవాటినే చూసి రాసేస్తున్నారు. ప్లాస్టిక్ వాడకం, పరిశుభ్రత, ఫోన్‌పే మీద అవగాహన, ఇవే టాపిక్కులు. ఫారం పట్టుకుని ఇంటింటికీ వెళ్తారు, ఎంతమంది ఉన్నారు, ఆదాయం ఎంత, మరుగుదొడ్డి ఉందా, అంతే అయిపోయింది. ఆ ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారు, ఏ ఊరి నుంచి వచ్చారు, పక్కింటి వాళ్లతో ఇచ్చిపుచ్చుకోవడాలు ఎలా ఉంటాయి అని అడగడానికి ఆ ఫారంలో చోటే లేదు. నా బాధంతా అక్కడే.

అసలు మా విజయవాడ పాత ఊరు వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్ నుంచి కాళేశ్వరరావు మార్కెట్ దాకా ఒకసారి మెల్లగా నడిచి చూడండి, మార్వాడీ సేట్ల కొట్లు, వాటి ముందు బేళ్లు దించే హమాలీలు, మేడమీద గదుల్లో బంగారం పనిచేసే బెంగాలీ కుర్రాళ్లు, ఇస్లాంపేట, వించిపేట వైపు వెళ్తే ఒకే వాక్యంలో సగం ఉర్దూ సగం తెలుగు మాట్లాడే ఆడవాళ్లు. కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్ల దగ్గర బీహార్, ఒడిశా వాళ్లు. గుంటూరులో అయితే మిర్చి యార్డు సీజన్ చాలు, ఎక్కడెక్కడి మనుషులో అక్కడ కనపడతారు. గుణదల మేరీమాత తిరనాళ్లప్పుడు, దసరాకి పేపర్లు, టీవీలు అన్ని మతాలవాళ్లు కలిసొచ్చారని రాస్తాయి, మంచిదే, కానీ పండగ అయిపోయిన మర్నాడు ఇదే మనుషులు నీళ్ల దగ్గర, రేషన్ దగ్గర, అద్దె ఇంటి దగ్గర ఎలా సర్దుకుంటున్నారు, ఎవరికి ఇల్లు ఇస్తున్నారు ఎవరికి ఇవ్వట్లేదు అన్నది ఎవరూ రాయట్లేదు. నాకు తెలిసి ఊరంటే అదే.

ఇది నేను కొత్తగా కనిపెట్టి చెప్తున్నది కాదండి. చికాగోలో 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అని ఇద్దరు ఆడవాళ్లు వలసొచ్చిన వాళ్ల పేటలోనే హల్ హౌస్ అనే సేవాకేంద్రం పెట్టుకుని అక్కడే ఉన్నారు, ఆ ఇంట్లో ఉండేవాళ్లు చుట్టుపక్కల వీధుల్లో ఏ ఇంట్లో ఏ దేశం వాళ్లున్నారు, వారానికి ఎంత వస్తోంది అన్నది రంగులేసి మ్యాపుల్లో పెట్టి 1895లో అచ్చేశారు. తర్వాత అదే ఊరి యూనివర్సిటీలో రాబర్ట్ పార్క్ అనే సోషియాలజీ ప్రొఫెసర్ తన స్టూడెంట్లని వీధుల్లోకి పంపించి చూసింది రాయమన్నాడు, ఆయన అంతకుముందు పత్రికా విలేకరి. మన దగ్గరా ఎస్.సి. దూబే అనే సామాజిక శాస్త్రవేత్త ఉస్మానియా యూనివర్సిటీ వాళ్లతో కలిసి 1950ల మొదట్లో హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట పల్లెని దగ్గరుండి చూశారు. పల్లెలకి దక్కిన ఆ శ్రద్ధ బెజవాడ, గుంటూరు లాంటి ఊళ్లకి దక్కలేదని నా అభిప్రాయం.

మొన్న మా స్టూడెంట్ ఒకమ్మాయి ఫారం పక్కన పెట్టి టైల్స్ వేసే బీహార్ కుర్రాళ్ల గదికి వాళ్ల నాన్నగారిని తోడు తీసుకుని వెళ్లింది. గోడమీద బొగ్గుతో హిందీ అక్షరాల్లో ఏదో వరసగా రాసి ఉందట, చదివించుకుంటే పది, ఇరవై, ముప్పై, మన తెలుగు అంకెలే, రైతు బజార్లో కూరగాయల ధర అర్థం కావడానికి వాళ్లే రాసుకున్నారు. యాభై, అరవై దగ్గర రెండుసార్లు కొట్టేసి దిద్దుకున్నారంట. ఆ రిపోర్టులో ఆ ఒక్క పేజీ చదివితే ఆ కుర్రాళ్లు ఈ ఊళ్లో ఎలా బతుకుతున్నారో నాకు తెలిసింది, మిగతా పాతిక పేజీల పట్టికల్లో తెలీలేదు.

అయితే ఒక జాగ్రత్త ఉండాలి. ఫైలు పట్టుకుని వెళ్తే వలస వచ్చినవాళ్లు పోలీసులేమో, ఏదైనా ఎంక్వైరీ ఏమో అని భయపడతారు, అది సహజం. ముందు ఎందుకొచ్చామో చెప్పాలి, వద్దంటే వచ్చేయాలి, ఆధార్ అడక్కూడదు, చెప్పకుండా ఫొటోలు తీయకూడదు, పేర్లు రాయకూడదు. ఒక్కసారి వెళ్లొచ్చి రాయడం కూడా కుదరదు, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి అదే వీధిలో కూర్చుంటేనే మనుషులు మాట్లాడతారు. రాసింది వాళ్లకి చదివి వినిపించాలి, ఇది మాత్రం తప్పనిసరి అంటాను.

దీనివల్ల ఉపయోగం ఏంటి అని కొందరు అడుగుతున్నారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఏ వీధిలో తెలుగు రానివాళ్లు ఎంతమంది ఉన్నారు, వాళ్లకి ఏ భాషలో హెచ్చరిక చెప్పాలి అన్నది ముందే తెలిసి ఉంటే ఎంత తేడా ఉండేది! 2011 తర్వాత 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు ఆ ఏడు జరగలేదు, ఆ మధ్యలో ఊరు ఎంత మారిపోయిందో మన కళ్లకే కనపడుతోంది.

అందుకే కాలేజీలవాళ్లని నేను కోరేది, వచ్చే సమ్మర్‌కి ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో వీధి ఇవ్వండి, ఆ 180 గంటలూ అక్కడే గడపనివ్వండి, బాగా రాసినవాటి కాపీలు వార్డు సచివాలయానికి, ఠాగూర్ లైబ్రరీకి ఇవ్వండి. సంపాదకులు గారూ, మీ జిల్లా ఎడిషన్‌లో వారానికి ఒక అరపేజీ ఇస్తే వాటిల్లోంచి మంచివి ఏరి పంపే పని నేను చూసుకుంటాను.

ఇట్లు
ఒక డిగ్రీ కాలేజీ లెక్చరర్
కొత్తపేట, విజయవాడ