ట్రెడ్‌మిల్ కొన్నారు సరే, ట్రైనర్ సంగతేంటి?

సంపాదకులు గారికి,

నమస్కారం. కమ్యూనిటీ జిమ్‌కు కొత్త యంత్రాలు వచ్చాయన్న వార్తను ఫొటోతో సహా మీ పత్రికలో చూశాను. సంతోషం. ట్రెడ్‌మిల్ ముందు నిలబడి రిబ్బన్ కత్తిరిస్తే ఫొటో బాగా వస్తుంది. గ్రూప్ క్లాసులు నడిపే ట్రైనర్‌కు జీతం పెంచితే ఫొటో తీయడానికి ఎవరూ రారు. జనం డబ్బుతో నడిచే జిమ్‌లలో ఖర్చంతా ఇనుము వైపే పోవడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామందికి యంత్రం కంటే ముందు తమను చూసి చెప్పే మనిషి కావాలి.

అసలు కమ్యూనిటీ జిమ్‌కు వచ్చేది ఎవరు? సొంతంగా ట్రైనర్‌ను పెట్టుకోగలిగిన వాళ్లు వేరే చోటికి వెళ్తారు. ఇక్కడికి వచ్చేది ప్రసవం తర్వాత మళ్లీ ఒళ్లు కదపాలనుకునే తల్లి, "రోజూ కాస్త వ్యాయామం చేయండి" అన్న ఒక్క ముక్కతో డాక్టరు పంపేసిన బీపీ మనిషి, రిటైరైన దంపతులు, పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని నడుము పట్టేసిన ఉద్యోగి. బరువులున్న వైపు వెళ్లాలంటే వీళ్లకు మొహమాటం. ఏది ఎలా పట్టుకోవాలో తెలియదు, అడిగితే నవ్వుతారేమోనని భయం. గ్రూప్ క్లాసు అయితే పదిమందిలో కలిసిపోవచ్చు, చెప్పింది చేసి ఇంటికి వెళ్లిపోవచ్చు. నాలుగు రోజులు పోయాక పక్కవాళ్లు పరిచయమవుతారు. ఒకరోజు రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. బద్ధకం వచ్చిన రోజున ఆ పలకరింపే మనిషిని జిమ్‌కు లాక్కొస్తుంది. 2022 నాటికి ప్రపంచంలో 31 శాతం మంది పెద్దవాళ్లు, అంటే సుమారు 180 కోట్ల మంది, చాలినంతగా ఒళ్లు కదపడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్లలో జిమ్ గడప తొక్కాలనుకునే వాళ్లెవరైనా ముందు అడుగుపెట్టేది ఇలాంటి క్లాసులోనే.

ఆ క్లాసు ఎలా నడుస్తోందో చూడండి. ట్రైనర్ అద్దం వైపు తిరిగి, చెవికి మైకు తగిలించుకుని, పాట మీద కౌంట్ వేస్తుంటాడు. "ఇంకా ఎనిమిది... ఇంకా నాలుగు..." స్క్వాట్స్, అంటే మోకాళ్లు వంచి కూర్చున్నట్టు దిగి లేవడం, జరుగుతుంటాయి. మూడో వరసలో ఒకావిడ కిందికి దిగినప్పుడల్లా మడమలు లేచిపోతున్నాయి, మోకాళ్లు రెండూ లోపలికి పడిపోతున్నాయి. పక్కవాళ్లను చూసి వేగం అందుకోవాలని తంటాలు పడుతోంది. కౌంట్ మాత్రం ఆగదు. రెండు రోజులు మోకాలు పట్టుకుని కూర్చుని, ఆ పైవారం నుంచి రావడం మానేస్తుంది. జిమ్ తన ఒంటికి పడదని ఇంట్లో చెప్పేస్తుంది.

అదే స్క్వాట్‌ను ఇంకో ట్రైనర్ చేయించడం కూడా చూశాను. ఆమె మైకు పక్కన పెట్టేసి వరసల మధ్య తిరుగుతుంది. ఇలాగే ఇబ్బంది పడుతున్న ఒకావిడ దగ్గర ఆగి, వెనక కుర్చీ వేసి, "అంచు మీద కూర్చోండమ్మా, చేతులు ఆనించకుండా లేవండి, అంతే" అంది. పాదాలు కాస్త ఎడంగా పెట్టించింది. అయిదారుసార్లు కూర్చుని లేచేసరికి మోకాళ్లు వాటంతటవే దారికొచ్చాయి. అంతా కలిపి నిమిషం కూడా పట్టలేదు. కానీ ఆ నిమిషం దొరకాలంటే హాల్లో జనం తక్కువుండాలి. 45 నిమిషాల క్లాసులో వార్మప్‌కూ చివర్లో ఒళ్లు సాగదీయడానికీ 15 నిమిషాలు తీసేస్తే మిగిలేది 30. నలభై మందిని నింపితే ఒక్కొక్కరికి 45 సెకన్లు. అదీ ట్రైనర్ తన కౌంట్ మానేసి ఒక్కొక్కరినే చూస్తూ పోతే. ఎంతమంది వచ్చారన్నదే క్లాసు విజయానికి కొలత అనుకుంటే ఈ లెక్క ఎవరికీ పట్టదు. పదిహేను మంది దాటితే రెండో బ్యాచ్ పెట్టాలి, లేదంటే వరసల మధ్య తిరగడానికి ఇంకొకరిని ఇవ్వాలి. నేను గట్టిగా అడుగుతున్నది ఇదే.

జనం ఎక్కువై చూసే తీరిక లేని చోట ఇంకో జబ్బు పట్టుకుంటుంది. ఒళ్లు హూనమైతేనే క్లాసు బాగా జరిగినట్టు లెక్క. టబాటా అన్న పేరు ఇప్పుడు ప్రతి బోర్డు మీదా కనిపిస్తోంది. 20 సెకన్లు శక్తికొద్దీ చేయడం, 10 సెకన్లు ఆగడం, ఇలా ఏడెనిమిది సార్లు. జపాన్ శాస్త్రవేత్త ఇజుమి టబాటా బృందం 1996లో ప్రచురించిన పరిశోధనలో దీన్ని చేసింది వ్యాయామ విద్య చదువుతున్న యువకులు. అదీ కదలకుండా బిగించిన సైకిల్ మీద. ఆ పద్ధతి స్పీడ్ స్కేటింగ్ క్రీడాకారుల శిక్షణలోంచి వచ్చింది. దాన్ని తెచ్చి, నిన్న చేరిన యాభై ఏళ్ల మనిషి చేత బర్పీలతో (కిందికి వంగి, కాళ్లు వెనక్కి చాచి, మళ్లీ లేచి గెంతడం) చేయిస్తే అది టబాటా అవుతుందో లేదో గానీ, ఆ మనిషి మాత్రం మళ్లీ కనబడడు. అలవాటు లేని ఒంటిని ఒక్కసారిగా అతిగా శ్రమపెడితే కండరాల కణాలు విచ్ఛిన్నమై వాటిలోని పదార్థాలు రక్తంలో కలుస్తాయి, కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. అరుదే, కానీ వస్తే ఆస్పత్రి పాలే. నొప్పులు భరించలేనంతగా ఉండి, మూత్రం కోలా రంగులో వస్తే వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలన్న సంగతి క్లాసులో ఎవరూ చెప్పగా నేను వినలేదు. మామూలు ఒళ్లు నొప్పులు ఒకటి నుంచి మూడు రోజుల్లో బాగా ఎక్కువై, ఆ తర్వాత వాటంతటవే తగ్గుతాయి. ఈ రెండింటికీ తేడా మొదటి రోజే చెప్పాలి.

గెంతుడు గురించి ఒక మాట. ఆడవాళ్లలో, ముఖ్యంగా కాన్పులైన వాళ్లలో, గెంతినప్పుడు రెండు చుక్కలు మూత్రం జారిపోయే సమస్య చాలా మామూలు. ఎవరూ నోరు విప్పి చెప్పరు. జంపింగ్ జాక్స్ (కాళ్లు ఎడం చేసి గెంతుతూ చేతులెత్తడం) మొదలవగానే నీళ్ల సీసా కోసం పక్కకు వెళ్తారు, కొన్నాళ్లకు క్లాసే మానేస్తారు. అడుగు పక్కకు వేసి చేతులెత్తే పద్ధతి కూడా ఉందని ట్రైనర్ మొదట్లోనే అందరికీ కలిపి చెప్పేస్తే ఎవరూ సిగ్గుపడాల్సిన పని లేదు. మూత్రాన్ని ఆపి ఉంచే కటి అడుగు కండరాలను బిగించే వ్యాయామాలున్నాయి, వాటితో ఈ సమస్య చాలామందికి తగ్గుతుంది. ఈ సంగతి తెలిసిన ట్రైనర్ వల్ల ఎంతమంది క్లాసులో నిలబడతారో ఊహించుకోండి.

చేరేటప్పుడు ఇచ్చే ఫారంలో పేరు, ఫోన్ నంబరు, ఫీజు రసీదు, కింద "ఏం జరిగినా నాదే బాధ్యత" అని సంతకం ఉంటాయి. గుండె జబ్బు ఉందా, ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్లు తిరుగుతాయా, ఏం మందులు వాడుతున్నారు, కీళ్ల బాధలున్నాయా అని అడిగే ఫారాలు ప్రపంచమంతా దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. కెనడాలో పుట్టిన పార్‌-క్యూ అనే ఏడు ప్రశ్నల పత్రం అలాంటిదే. దాన్ని నింపించి బీరువాలో పెడితే లాభం లేదు, ట్రైనర్ చదవాలి. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునే వాళ్లకు గుండె వేగం మామూలుగా పెరగదు. వాళ్ల చేతి వాచీ చూసి "ఇంకా పెంచండి సార్, మీ నంబర్ రాలేదు" అని తరిమితే ఏమవుతుంది? గుండె గరిష్ఠ వేగం ఎంతో అంచనా వేయడానికి 220లోంచి వయసు తీసేసే లెక్క మామూలు వాళ్లకే నిమిషానికి పది పన్నెండు అటూ ఇటూ తప్పుతుంది. మాట్లాడగలుగుతున్నారు, పాట పాడలేకపోతున్నారు అంటే శ్రమ మధ్యస్థంగా ఉన్నట్టు. ఈ పాత కొలతకు పైసా ఖర్చు లేదు. కాకపోతే సంగీతం హోరులో ఎవరి మాటైనా ఎవరికైనా వినపడాలి కదా! 100 డెసిబెల్స్ దగ్గర పావుగంట మించి ఉండడం చెవులకు మంచిది కాదంటారు. సౌండ్ తగ్గించమంటే మనమేదో పండగ చెడగొట్టినట్టు చూస్తారు.

క్లాసుల్లో ఏం చేయిస్తున్నారన్నదీ చూడాలి. డాన్సు క్లాసులు బాగున్నాయి, నాకూ ఇష్టమే. కానీ వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలని, 65 దాటిన వాళ్లకు నిలకడ తప్పకుండా నిలబడే సాధన మూడు రోజులైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. ముప్పై దాటాక ఏమీ చేయకపోతే కండ తరుగుతూనే పోతుంది. ముసలితనంలో బాత్రూంలో జారిపడి తుంటి విరగడానికి ఒక మూలం అక్కడే ఉంది. పెద్దవాళ్లు ఖాళీగా ఉండే పగటిపూట హాలు తాళం వేసి ఉంటుంది. ఆ వేళలో ఒక బ్యాచ్ పెట్టడానికి కొత్తగా కొనాల్సింది కుర్చీలు, రబ్బరు బ్యాండ్లు, నాలుగు చిన్న డంబెల్సే.

బడ్జెట్ లేదంటారు. ట్రెడ్‌మిల్‌కు ఉన్నప్పుడు ట్రైనర్‌కు లేకపోవడం ఏమిటి? క్లాసుకు ఇంత అని కూలి లెక్కన ఇస్తూ, రోజంతా ఆ జిమ్ నుంచి ఈ జిమ్‌కు పరుగెత్తే ట్రైనర్ అద్దంలో తన మొహం చూసుకుంటూ కౌంట్ వేయక ఏం చేస్తాడు? ఆ తప్పు అతనిది అనను. క్లాసుకు ముందు పది నిమిషాలు, తర్వాత పది నిమిషాలు అతను హాల్లో ఉండేలా జీతం ఇవ్వాలి. ప్రథమ చికిత్స శిక్షణ ఖర్చు జిమ్మే పెట్టుకోవాలి. గుండె ఆగిపోయిన మనిషికి సహాయం అందడంలో ప్రతి నిమిషం ఆలస్యానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. ఛాతీ మధ్యలో కనీసం 5 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. తెల్లవారుజామున బ్యాచ్ నడిచే వేళ ఆ పని తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉంటున్నారా? షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం గోడకు ఉందా? ఈ యంత్రం మాత్రం తప్పకుండా కొనండి, పక్కన నిలబడి ఫొటో కూడా దిగండి.

నిర్వాహకులకు ఇంకో పని చెబుతాను, దీనికి టెండరు అక్కర్లేదు. ఆరు నెలల కిందట చేరి ఇప్పుడు రాని వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు రిజిస్టర్‌లోనే ఉన్నాయి. ఒక్కొక్కరికి ఫోన్ చేసి ఎందుకు మానేశారో అడగండి. వచ్చిన సమాధానాలను నోటీసు బోర్డు మీద పెట్టండి, తర్వాతి కొనుగోళ్ల సమావేశం కంటే ముందే.

ఇట్లు,
ఒక పాఠకురాలు