ఏటా కొత్త డబ్బా, ఏటా నిండు ధర

సంపాదక మహాశయా,

సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ దగ్గర పాత వీడియో గేమ్ డిస్క్‌లు కొని అమ్మే చిన్న కౌంటర్ నాది. ఏటా సెప్టెంబర్ వచ్చిందంటే ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ గేములు కొత్త అంకె తగిలించుకుని దిగుతాయి. ఆ వారంలోనే నిరుటి డిస్క్‌లన్నీ నా దగ్గరికి వస్తాయి. నాలుగైదు వేలు పోసి కొన్నదానికి నాలుగైదు వందలిస్తానని చెప్పడానికి నాకే నోరు రాదు. అంతకుముందు ఏడాదివైతే ఊరికే ఇచ్చినా తీసుకోను. అదే 2018లో వచ్చిన కథ గేము రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 డిస్క్ దొరికితే ఇప్పటికీ రెండు రోజులు షెల్ఫ్‌లో నిలవదు.

స్పోర్ట్స్ డిస్క్ ఏమైనా చెడిపోయిందా? వెలుతురులో తిప్పి చూస్తే ఒక్క గీత ఉండదు. మారిందల్లా జట్ల జాబితా, జెర్సీలు. అన్నిటికన్నా పెద్ద సంగతి, ఆన్‌లైన్‌లో ఆడే దోస్తులంతా కొత్తదానికి వెళ్లిపోయారు. ఎదుట ఆడేవాడు లేకపోతే ఆ గేముతో ఏం చేసుకుంటాడు? అందుకే మళ్లీ కొంటాడు. మొదటి వారం ఆగలేనివాడి దగ్గర నిండు ధర వసూలు చేసి, నాలుగు నెలలు ఓపిక పట్టినవాడికి సేల్‌లో బాగా తగ్గించి ఇస్తారు.

లీగులకు, క్లబ్బులకు, ఆటగాళ్ల పేర్లకూ ముఖాలకూ హక్కుల సొమ్ము కట్టాలి, నిజమే. వందలమంది రాత్రింబగళ్లు పనిచేస్తారు. ఈ ఫుట్‌బాల్ గేములు తెచ్చే ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) కంపెనీకి మన హైదరాబాద్‌లోనే స్టూడియో ఉంది, ఆ పిల్లల కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ధరను తేల్చేది ఖర్చొక్కటే కాదు. 2004లో అమెరికాలో సెగా అనే గేముల కంపెనీ తన అమెరికన్ ఫుట్‌బాల్ గేమును 20 డాలర్లకే అమ్మకానికి పెట్టింది. దానికి పోటీగా ఉన్న తన 50 డాలర్ల గేము మ్యాడెన్‌ను ఈఏ ఆ సీజన్‌లోనే 30 డాలర్లకు దించింది. ఆ డిసెంబర్‌లోనే అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ హక్కులు ఈఏ ఒక్కదానికే దక్కేలా ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది మ్యాడెన్ మళ్లీ 50 డాలర్లు. ధరలో పోటీ ఉన్న ఆ ఒక్క ఏడాదే కొనేవాడికి ఊపిరాడింది.

జట్ల మార్పులు విడిగా ఇవ్వడం కుదరదంటే నేను నమ్మను. నింటెండో స్విచ్ అనే గేమ్ మెషిన్‌లో ఈఏ ఫుట్‌బాల్ గేము ఫిఫా 20 నుంచి 23 దాకా వచ్చినవి ‘లెగసీ ఎడిషన్లు’. ఆట పాతదే, జట్లూ జెర్సీలూ కొత్తవి. అంటే అప్‌డేట్ తయారుగా ఉంది, దాన్నే పూర్తి గేముగా డబ్బాలో పెట్టి అమ్మారు.

ఇక అల్టిమేట్ టీమ్, అంటే గేములోనే ప్లేయర్లను పోగేసి సొంత జట్టు కట్టుకునే పద్ధతి. అసలు ధర మీద ఇది మరో ఖర్చు. 2021 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఈ పద్ధతి మీదే ఈఏకు 162 కోట్ల డాలర్లు వచ్చాయి, కంపెనీ ఆదాయంలో నాలుగో వంతుకు పైనే. డబ్బు పెట్టి పాయింట్లు కొని, ఏ ప్లేయర్ వస్తాడో తెలియని ప్యాక్‌లను వాటితో తెరవాలి. ఇది జూదమేనని బెల్జియం గేమింగ్ కమిషన్ 2018లో తేల్చింది, 2019 మొదట్లో అక్కడ ఆ పాయింట్ల అమ్మకం ఆగింది. మనదగ్గర అడిగేవాడు లేడు. మొన్న డిగ్రీ చదివే తమ్ముడొకడు డిస్క్ కౌంటర్ మీద పెట్టి, “పోయినేడంతా పైసలు పెట్టి టీమ్ చేసుకున్న అన్నా, కొత్తదాంట్ల ఒక్క ప్లేయర్ గూడ రాలే” అన్నాడు. పార్ట్‌టైమ్ డెలివరీ చేసి సంపాదించిన డబ్బది. నాకు చాలా బాధేసింది.

నేను కోరేది పెద్దదేం కాదు. నిరుటి గేము ఉన్నవాడికి జట్ల అప్‌డేట్‌ను విడిగా, తక్కువ ధరకు అమ్మాలి. ఆన్‌లైన్ సర్వర్ కనీసం ఏ తేదీ వరకు నడుస్తుందో డబ్బా మీద అచ్చు వెయ్యాలి. డిజిటల్‌గా కొన్నది సొంతం కాదు, లైసెన్స్ మాత్రమేనని కొనేముందే చెప్పాలనే చట్టం కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి అమల్లో ఉంది. మనకూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వచ్చే సెప్టెంబర్‌లోపు ఈ కంపెనీలను పిలిచి మాట్లాడాలి. అప్పటిదాకా తల్లిదండ్రులకు నా మాట: విడుదల రోజున కొనకండి, సంక్రాంతి దాకా ఆగండి.

– పాత గేమ్ డిస్క్‌ల వ్యాపారి, సికింద్రాబాద్