పందుల మీద తిరుగుబాటు ఆ నవలలో లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

నవల చదివే ఓపిక లేకపోతే సినిమా చూసేయండని ఈమధ్య అధ్యాపకులే పిల్లలకు చెబుతున్నారు. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. మిగతా పుస్తకాల సంగతి ఎలా ఉన్నా, జంతువులు యజమానిని తరిమేసి పొలం తామే నడుపుకుంటే చివరికి పందులే కొత్త దొరలయ్యే జార్జ్ ఆర్వెల్ నవల ‘యానిమల్ ఫామ్’ విషయంలో మాత్రం ఈ సలహా వింటే పిల్లలు నిలువునా మునుగుతారు.

కొన్నేళ్ల కిందట జవాబు పత్రాలు దిద్దుతుంటే ఒక కట్టలో వరసగా అందరూ ఒకటే రాశారు: చివర్లో జంతువులన్నీ ఏకమై పందుల మీద తిరగబడి గెలిచాయని. కాపీ కొట్టారనుకున్నాను. తర్వాత తెలిసింది, సిలబస్ పూర్తి కాక ఆ కాలేజీలో పరీక్షల ముందు సినిమా వేసి చూపించారట. పిల్లలు చూసింది చూసినట్టు రాశారు. సగం మార్కులు వేశాను. (అవి మాత్రం ఎందుకు వేశావని పైన ఉన్నాయన కోప్పడ్డాడు, అది వేరే కథ.)

1945లో వచ్చిన నవల ఎలా ముగుస్తుందంటే, ఒక రాత్రి పందులూ చుట్టుపక్కల ఆసాములూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని తాగుతూ పేకాడుతుంటారు. జంతువులు కిటికీలోంచి చూస్తుంటాయి. నెపోలియన్ అనే పందీ, పిల్కింగ్టన్ అనే ఆసామీ ఒకేసారి ఇస్పేటు ఆసు వేస్తారు. గొడవ మొదలవుతుంది. బయట ఉన్న జంతువులకు ఏది పందో, ఎవరు మనిషో పోల్చుకోవడం చేతకాదు. అంతే, అక్కడితో ఆపేశాడు. 1943లో టెహ్రాన్‌లో స్టాలిన్, చర్చిల్, రూజ్వెల్ట్ కలిశారని లోకమంతా మురిసిపోతున్న రోజుల్లో, ఆ స్నేహం ఎన్నాళ్లో నిలవదని తనకు అనిపించబట్టే ఆ ఘట్టం రాశానని ఉక్రెయిన్ భాష అనువాదానికి రాసిన ముందుమాటలో ఆర్వెలే చెప్పుకున్నాడు. అంటే పందుల్లో స్టాలిన్ రష్యానూ, ఆసాముల్లో పెట్టుబడిదారీ దేశాలనూ చూపించి వాత ఇద్దరికీ పెట్టాడు.

1954 నాటి యానిమేషన్ సినిమాలో ఆ బల్ల దగ్గర మనుషులే లేరు! అన్నీ పందులే. బెంజమిన్ అనే గాడిద ముందు నడవగా జంతువులు ఇంటి మీద పడి వాటిని మట్టుబెడతాయి. జాన్ హాలాస్, జాయ్ బ్యాచిలర్ దంపతులు లండన్‌లో ఈ సినిమా తీశారు. డబ్బు మాత్రం అమెరికా గూఢచారి సంస్థ సీఐఏది. నిర్మాత లూయీ ద రోష్మాంట్ ద్వారా గుట్టుగా వచ్చింది. రష్యా మీద ప్రచారానికి వాడుకోవాల్సిన సినిమాలో, పెట్టుబడిదారు కూడా పంది పక్కన కూర్చుని పేకాడుతుంటే బాగోదు కదా. అడ్డు చెప్పడానికి ఆర్వెల్ లేడు, 1950 జనవరిలోనే పోయాడు. బొమ్మలు మాత్రం గొప్పగా వేశారు. బాక్సర్ అనే గుర్రాన్ని కబేళా బండెక్కించి తీసుకుపోయే చోట నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఆయన మరో నవల ‘1984’కూ ఇదే గతి పట్టింది. 1956లో తీసిన సినిమాకు కూడా అమెరికా ప్రభుత్వ సొమ్ము అందింది. రెండు ముగింపులు తీశారు. ఒకదాంట్లో హీరో, అందరి మీదా కన్నేసి ఉంచే ఆ కథలోని నియంతను ఉద్దేశించి ‘బిగ్ బ్రదర్ నశించాలి’ అని అరుస్తూ తూటాలకు కూలిపోతాడు. నవలలో అతను బిగ్ బ్రదర్‌ను మనసారా ప్రేమించడం మొదలుపెడతాడు, భయమంతా అక్కడే ఉంది. మైకేల్ రాడ్‌ఫర్డ్ తీసిన సినిమా ఆ భయాన్ని అలాగే ఉంచింది. నవలలో కథ జరిగే 1984వ సంవత్సరంలోనే, లండన్‌లోనూ ఆ చుట్టుపక్కలా తీశారు. మన పిల్లలకు బిగ్ బ్రదర్ అంటే తెలియదు గానీ, ఆ పేరుతో మొదలైన టీవీ షో మనవాళ్ల చేతిలో ‘బిగ్ బాస్’ అయి 2017 నుంచి తెలుగులోనూ వస్తోందంటే టక్కున అందుకుంటారు.

ముగింపు మార్చడమే తప్పని నేననను. రే బ్రాడ్‌బరీ ‘ఫారెన్‌హీట్ 451’ను 1966లో ఫ్రెంచి దర్శకుడు త్రుఫో సినిమాగా తీశాడు. పుస్తకాలు కాల్చే రాజ్యం కథ కాబట్టి టైటిళ్లు తెర మీద వేయకుండా చదివించాడు. ఆ ఆలోచన నవలలో లేదు, అయినా నవలకు ఎంత అతికిందో చూడండి. నవల మధ్యలోనే మాయమైపోయే క్లారిస్ అనే అమ్మాయిని చివరిదాకా బతికించాడు. అది నచ్చి, తర్వాత నాటకం రాసినప్పుడు బ్రాడ్‌బరీ కూడా ఆమెను బతికించాడు. ఒక కళాకారుడు మార్చడం వేరు, డబ్బిచ్చినవాడు తన అవసరానికి మార్పించడం వేరు. రెండోది జరిగినప్పుడు చూసేవాళ్లకు ఆ సంగతి చెప్పాలి.

కాలేజీల్లో సినిమా వేయొద్దని నేను అనడం లేదు. వేశాక లైట్లు వెలిగించి, నవల ఆఖరి రెండు పేజీలు పైకి చదివి వినిపించమంటున్నాను. పది నిమిషాల పని. లైబ్రరీలో ఒక్క కాపీ ఉన్నా చాలు.

మీకూ ఒక మనవి. ఆండీ సెర్కిస్ తీసిన కొత్త ‘యానిమల్ ఫామ్’ 2025 జూన్‌లో ఫ్రాన్స్‌లోని ఆన్సీ యానిమేషన్ ఉత్సవంలో వేశారు. మీ సినిమా పేజీలో దాని సమీక్ష వేసేటప్పుడు, చివర ఆ బల్ల చుట్టూ ఎవరెవరు కూర్చున్నారో కూడా ఒక వాక్యం రాయించండి. పేపర్లు దిద్దేవాళ్లు కూడా మీ పత్రిక చదువుతారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్, తెనాలి