ఆలుగడ్డ విత్తనాన్ని నాటకముందే పరీక్షించండి: వ్యవసాయ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. తెలంగాణ దేశానికే విత్తన భాండాగారమని ప్రతి వేదిక మీదా వింటున్నాం. వరి, మొక్కజొన్న విషయంలో కాదనను. కానీ జహీరాబాద్ వైపు రైతు అక్టోబరులో నాటే ఆలుగడ్డ మాటేమిటి? ఆ విత్తనం ఆగ్రా, జలంధర్‌ల నుంచి లారీల్లో దిగుతుంది. గడ్డలో వైరస్ ఉందో లేదో రైతుకు చెప్పే నాథుడు లేడు.

విత్తన గడ్డను చలి ప్రాంతాల్లో పెంచడం ఊరికే మొదలుకాలేదు. వైరస్‌ను మోసే పేనుబంక అనే రసం పీల్చే చిన్న పురుగు చలికి, గాలికి పెద్దగా ఎగరదు, త్వరగా పెరగదు. స్కాట్లండ్‌కైనా, మన లాహౌల్ లోయకైనా విత్తనంలో పేరు రావడానికి అదే కారణం. సిమ్లాలోని కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ ఉత్తరాది మైదానాలకూ ఒక ఉపాయం చెప్పింది. పేనుబంక తక్కువగా ఉండే చలి నెలల్లోనే పైరు పెంచి, 100 ఆకులకు 20 పురుగులు చేరేలోపే మొక్కలను నేలమట్టంగా కోసేయాలి. వైరస్ ఆకుల నుంచి గడ్డలోకి దిగే వ్యవధి ఇవ్వకూడదు. గడ్డ ఇంకాస్త ఊరుతుందని కోత వాయిదా వేశారా, ఆ ఆశకు మూల్యం చెల్లించేది ఇక్కడి రైతు.

జబ్బు గడ్డ నుంచి వచ్చిన మొక్కను చూడండి. అడుగు ఆకులు పైకి చుట్టుకుని బిరుసెక్కుతాయి, నలిపితే ఎండు కాగితంలా గరగరమంటాయి. అది ఆకుచుట్టు వైరస్. దాన్ని అంటించాలంటే పురుగు గంటల తరబడి రసం పీల్చాలి కాబట్టి మందు కొంత పనిచేస్తుంది. ఆలుగడ్డకు సోకే మరొకటి, వై వైరస్, అలా కాదు. పేనుబంక ఆకును కొన్ని సెకన్లు గుచ్చి చూస్తే చాలు, అంటుకుంటుంది. మందు పురుగును చంపేలోపే జరగాల్సింది జరిగిపోతుంది. అయినా మందుల దుకాణంలో రైతుకు దొరికే సలహా ఒక్కటే: మరో డబ్బా కొట్టు. పైగా ఆ గడ్డల్నే మళ్లీ విత్తనంగా వాడితే జబ్బు ఏటేటా పెరుగుతుంది.

అందుకే అడుగుతున్నాను. బయటి నుంచి వచ్చే ప్రతి విత్తన లోడు నుంచి నమూనాలు తీసి, వైరస్‌ను పట్టే ఎలైసా పరీక్ష గానీ, కరోనా పుణ్యమా అని ఇంటింటికీ పరిచయమైన ఆర్‌టీ-పీసీఆర్ గానీ చేయించండి. ఫలితం, విత్తనం పండిన ఊరు, మొక్కలు కోసిన తేదీ బస్తా చీటీ మీద తెలుగులో ఉండాలి. మొక్కల ఆరోగ్యానికే ప్రత్యేకించిన జాతీయ సంస్థ రాజేంద్రనగర్‌లోనే ఉంది, సచివాలయం నుంచి ఎంతో దూరం కాదు. వారితో ఒక్క సమావేశం పెట్టించండి. నాట్లకు లారీలు దిగకముందే ఉత్తర్వు రావాలి. నాటిన తర్వాత వచ్చే ఉత్తర్వుతో రైతుకు పనిలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యాన ఉద్యోగి,
హైదరాబాద్