పసిబిడ్డలకు ఆర్నెల్ల షరతు వద్దు: తమిళనాడు ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

చెన్నైలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు రేషన్ కార్డులున్నాయి, వాళ్ల గురించి కాదు ఈ లేఖ. పని కోసం వలస వచ్చినవాళ్ల పిల్లల గురించి: కాశిమేడు రేవులో పడవల మీద పనిచేసే ఆంధ్ర మత్స్యకారుల పిల్లలు, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) పక్కన రేకుల షెడ్లలో ఉన్న పిల్లలు, తిరువళ్లూరు వైపు ఇటుక బట్టీల దగ్గర పెరుగుతున్న పిల్లలు.

ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం వీళ్లను వదిలేయలేదు. ఏడాదికి 1,20,000 రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబానికి 5 లక్షల దాకా వైద్యం. వేరే రాష్ట్రం వాళ్లయినా ఆరు నెలలకు మించి ఇక్కడున్నట్టు తగిన అధికారి ధ్రువపత్రం ఇస్తే అర్హులే. మంచి నిబంధనే. చిక్కంతా ఆ పత్రం దగ్గర. ఇంటి యజమాని అద్దె ఒప్పందం రాయడు. మేస్త్రీ ఉత్తరం ఇవ్వడు. ఇస్తే తన లైసెన్సు, ఈఎస్ఐ (కార్మికుల బీమా) లెక్కలు బయటపడతాయని భయం. బట్టీ పని సంక్రాంతి దాటాక మొదలై వానలకు ముందే ముగుస్తుంది గనక అక్కడ ఆర్నెల్లు నిండడమే కష్టం.

పెద్దవాళ్ల మోకాలి ఆపరేషన్ ఆర్నెల్లు ఆగుతుంది. గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద రక్తనాళాలు తారుమారై పుట్టిన బిడ్డకు ఆపరేషన్ మొదటి రెండు మూడు వారాల్లోనే జరగాలి. ఆలస్యమైతే ఎడమ జఠరిక కండ పలచబడి, ఒంటికంతా రక్తం తోసే సత్తువ పోతుంది. వినబడని పిల్లలకు చెవి లోపల అమర్చే పరికరం, కాక్లియర్ ఇంప్లాంట్‌కు ఈ పథకంలో ఆరేళ్ల వయోపరిమితి ఉంది, మాటలు రావాలంటే అంతకన్నా చాలా ముందే అమర్చాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో బీమా కార్డు లేకున్నా పిల్లలకు వైద్యం ఉచితమే, కాదనడం లేదు. అక్కడ వంతు రాక ప్రైవేటుకు వెళ్లాల్సి వచ్చినప్పుడు అడిగే మొదటి మాట కార్డు.

సొంత రాష్ట్రం కార్డు వాడుకోవచ్చు కదా అంటారు. ఆంధ్ర ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, 2019 నుంచి చెన్నైలో కొన్ని ఆసుపత్రుల్లో, కొన్ని చికిత్సలకు చెల్లుతోంది. కానీ ఇక్కడ పుట్టిన బిడ్డ పేరు అక్కడి రైస్ కార్డులో ఉండదు. చేర్చాలంటే జనన ధ్రువపత్రం కావాలి. నామకరణం ఊరెళ్లాకే చేస్తారు గనక పత్రంలో పేరు గడి ఖాళీగా ఉంటుంది (ఏడాది లోపు రుసుము లేకుండా రాయించుకోవచ్చని చాలామందికి తెలియదు). పేరు ఎక్కాక ఇంకో పేచీ: ఇక్కడి కాగితాల్లో తండ్రి పేరు తొలి అక్షరం ఇనిషియల్, తల్లిదండ్రుల ఆధార్‌లో ఇంటిపేరు. ఈకేవైసీలో (ఆధార్‌తో వివరాలు సరిచూసే తనిఖీలో) రెండూ కలవవు.

మేం కోరేది ఇది. ఏడాది లోపు బిడ్డలకు, 18 ఏళ్ల లోపు ఎవరికైనా ఎమర్జెన్సీ చికిత్సకు ఆర్నెల్ల షరతు ఎత్తేయండి. జబ్బు పిల్లలను పక్క రాష్ట్రాల నుంచి తెచ్చి చేర్పిస్తారన్న అనుమానం మీ అధికారులకు ఉంటుంది, అది పూర్తిగా కొట్టిపారేసేదీ కాదు. అందుకే ఏడాది దాటిన పిల్లలకు, ముందే తేదీ వేసుకోగల ఆపరేషన్లకు షరతు ఉంచండి, రుజువు మాత్రం తేలిక చేయండి: అంగన్‌వాడీ హాజరు, బడి రిజిస్టరు, టీకాల కార్డు, ఏదో ఒకటి చాలు. 'తగిన అధికారి' ఎవరో పదవి పేరుతో రాయండి. పట్టణ ఆరోగ్య నర్సు సంతకం చెల్లుతుందంటే సగం పని అయిపోయినట్టే.

నమోదు కలెక్టరేట్‌లోనే కాక, పిల్లల వార్డున్న ప్రతి ప్రభుత్వ ఆసుపత్రి బీమా డెస్కులోనూ జరగాలి. కలెక్టరేట్‌కు వెళ్లిన రోజు కూలి పోతుంది. తల్లి ఆధార్, జనన ధ్రువపత్రం లేదా డిశ్చార్జి సమ్మరీ చూసి అదే రోజు తాత్కాలిక నంబరు ఇవ్వండి, ఆదాయ విచారణ 30 రోజుల్లో చేయండి. ఆదాయం ఎక్కువని తేలితే అప్పటి నుంచి కార్డు రద్దు చేయండి. జరిగిన ఆపరేషన్ డబ్బు ఆసుపత్రి నుంచి వెనక్కి లాగితే మాత్రం ఆ తర్వాత వచ్చే ఇంకో బిడ్డను ఏ ఆసుపత్రీ చేర్చుకోదు.

దరఖాస్తు తెలుగు, ఒడియా, హిందీల్లోనూ ఉండాలి. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, ప్రభుత్వ ఉత్తర్వు చాలు. బట్టీలు రాజుకునే లోపు, అంటే సంక్రాంతికి ముందు ఇవ్వండి.

ఇట్లు,
చెన్నైలోని వలస తెలుగు కుటుంబాలకు ఆసుపత్రి, కార్డు పనుల్లో సాయపడే వాలంటీర్లం