ఒకే బట్టీలో మగ్గినవాళ్లను విడదీయకండి: కార్మిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్మిక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. ఇటుక బట్టీలో వెట్టిచాకిరీ నుంచి విడుదలైన యానాది కుటుంబాల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. సోమవారం గ్రీవెన్సుల్లో ఇచ్చిన అర్జీలకు రసీదులు వచ్చాయి గానీ జవాబులు రాలేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ అడుగుతున్నాను. వెట్టి నుంచి బయటపడ్డామని అధికారులు ఇచ్చే విడుదల పత్రం అంటే ఏమిటో, దానితో వచ్చే తక్షణ సాయం ఎంతో తమకు నేను చెప్పనక్కరలేదు. అవి అమలవుతున్న తీరు వల్ల కలిసి బయటపడిన మా మధ్య ఏం జరుగుతోందో మాత్రం ఏ అధికారీ తమకు రాసి పంపి ఉండడని నా నమ్మకం.

ఆ బట్టీలో నెల్లూరు వైపు నుంచి వెళ్లిన మేమూ, ఒడిశాలోని బొలంగీర్ నుంచి వచ్చినవాళ్లూ పక్కపక్క గుడిసెల్లో ఉండేవాళ్లం. ఒకరి మాట ఒకరికి రాదు. అయినా రాత్రివేళ అకాల వర్షం మొదలైతే, ఏ వరుస ఎవరిదని చూడకుండా అందరం లేచి పచ్చి ఇటుకల మీద పట్టాలు కప్పేవాళ్లం. ఎందుకంటే కరిగిపోయిన ఇటుక యజమాని లెక్కలోకి రాదు, ఆ నష్టం పనికి ముందు మేము తీసుకున్న అడ్వాన్సు బాకీలో కలుస్తుంది. జ్వరంతో పడుకున్నవాడి వంతు వెయ్యి ఇటుకలను మిగతావాళ్లు తలా కొన్ని అచ్చు వేసి పూర్తి చేసేవాళ్లు. మా పిన్నికి నొప్పులు వచ్చిన రాత్రి ఎంత బతిమాలినా గేటు తీయలేదు. ఒడియా ఆడమనిషి ఒకామె కొత్త బ్లేడు తెప్పించి, సత్తు గిన్నెలో నీళ్లు మరిగించి, తన చీర అంచు చింపి బొడ్డు కట్టింది. ఆ బిడ్డ ఇప్పుడు అంగన్‌వాడీకి వెళుతోంది. ఆమెను మేమంతా అత్త అనే పిలుస్తాం.

విడుదల రోజున అధికారులు వాంగ్మూలాలు రాసుకున్నారు, మా మీద దయగానే ఉన్నారు. ఆ వెంటనే ఒడిశా వాళ్లను రైలెక్కించారు, మమ్మల్ని వ్యాను ఎక్కించారు. సొంత ఊరికి పంపడం ధర్మమే, దాన్ని తప్పుపట్టను. కానీ ఒకే గేటు లోపల ఒకే దెబ్బలు తిన్నవాళ్లలో కొందరికి పత్రం ఇచ్చి, కొందరిని విచారణ పెండింగ్ అని ఆపేయడం ఏ న్యాయం? పత్రం వచ్చిన ఇంటివాళ్లు ఏదో పైరవీ చేశారని రానివాళ్ల అనుమానం. రానివాళ్ల ఎదుట తమకు వచ్చిన డబ్బు మాట ఎత్తాలంటే వచ్చినవాళ్లకు భయం. గుడిసె గోడ అవతల నుంచి ఒకరి ఏడుపు ఒకరు విన్నవాళ్లు ఇవాళ వీధి కుళాయి దగ్గర ముఖం తిప్పుకుంటున్నారు.

ఇంతకంటే పెద్ద గాయం కేసు వల్ల తగిలింది. వెట్టి నుంచి విడుదలైనవాళ్ల పునరావాసానికి కేంద్రం తెచ్చిన 2016 పథకం మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకూ పిల్లలకూ రెండు లక్షలు, మరీ ఘోరమైన సందర్భాల్లో మూడు లక్షలు అని చెబుతుంది. మొదట చేతికి వచ్చే 20 వేలను తర్వాత 30 వేల దాకా పెంచారు. మిగతా మొత్తాన్ని యజమానికి శిక్ష పడటంతో ముడిపెట్టారు. వెట్టి జరిగిందని కలెక్టరు ప్రాథమికంగా తేల్చితే శిక్ష వివరాలు లేవన్న కారణంతో ప్రతిపాదన ఆపరాదని మార్గదర్శకాల్లోనే ఉన్నా, మేము ఎక్కే ప్రతి మెట్టు మీదా వినేది ఒకటే మాట: కేసు తేలనివ్వండి. కేసు తేలాలంటే మాలో ప్రతివాడూ బోనులో గట్టిగా నిలబడాలి. మాలో ఒక అన్న నిలబడలేకపోయాడు. బిడ్డ ఆసుపత్రిలో ఉన్నప్పుడు యజమాని మనుషులు ఇంటికి వచ్చారు, ఆ తర్వాత అతను ఇష్టపడే పనికి వెళ్లామని సాక్ష్యం చెప్పాడు. అప్పటి నుంచి మా వాళ్లెవరూ అతని గడప తొక్కలేదు. అతని కూతురి పెళ్లికి కూడా వెళ్లలేదు. బట్టీలో మా నాన్నను కొడుతుంటే అడ్డుపడి చెయ్యి విరగ్గొట్టుకున్నది ఆ మనిషే. మంత్రిగారూ, పది ఇళ్ల కూడును ఒక్క పేదవాడి సాక్ష్యానికి కట్టినది మేమా, ప్రభుత్వమా? మేము తీసుకున్నది వెట్టి అప్పు కాదని రుజువు చేయవలసిన భారం అప్పిచ్చినవాడిదేనని 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 15వ సెక్షన్ చెబుతోంది కదా. ఆ భారాన్ని తెచ్చి మా నెత్తిన ఎందుకు పెట్టారు?

మా మేస్త్రీ సంగతి కూడా అంతే. అందరి అడ్వాన్సూ తన చేతుల మీదుగా తీసుకున్నాడు కాబట్టి ఫైలులో అతను దళారీ. మాతో పాటే మట్టి తొక్కాడు, మాతో పాటే గొలుసు వేసిన గేటు లోపల పడుకున్నాడు. అతను దోషి అని సగం మంది, కాదని సగం మంది, ఊరు రెండుగా చీలింది.

ఇంకొకటి చెప్పడానికి కలం ఆడటం లేదు. మా నాన్న, తనకు దెబ్బలు పడటం చూసినవాళ్ల ఎదుట తలెత్తుకోలేకపోతున్నాడు. వాళ్లు కనిపిస్తే ఇంట్లోకి వెళ్లిపోతాడు. అదే మనిషి రాత్రి నిద్రపట్టకపోతే బొలంగీర్‌కు ఫోను చేయించుకుని, వచ్చీరాని మాటల్లో ఎంతసేపైనా మాట్లాడతాడు. తన బాధ తెలిసినవాళ్లు వాళ్లే. ఇంట్లో ఉన్న నాకు కూడా అంత తెలియదు.

విడుదల చేసి పునరావాసం కల్పించకపోతే ఆ మనుషులు మళ్లీ వెట్టిలోకే పోతారని 1984లో నీరజా చౌదరి కేసులో సుప్రీంకోర్టు హెచ్చరించింది. మాలో కొందరి ఇళ్లకు అడ్వాన్సు పట్టుకుని మళ్లీ మనుషులు వస్తున్నారు. అందరం కలిసి ఉంటే పోనివ్వకుండా ఒకరినొకరు పట్టుకునేవాళ్లం. ఇప్పుడు ఎవరు ఎవరిని ఆపుతారు?

దయచేసి ఒక బట్టీ నుంచి బయటికి తెచ్చినవాళ్లందరికీ ఒకే రోజున పత్రాలు ఇప్పించండి. మిగిలిన డబ్బును సాక్ష్యంతో, శిక్షతో ముడిపెట్టకండి, కేంద్రంతో మాట్లాడవలసి వస్తే మాట్లాడండి. ఇళ్ల స్థలాలు ఇచ్చేటప్పుడు మమ్మల్ని మూడు మండలాలకు చెదరగొట్టకండి. ఒడిశా వాళ్ల ఫైళ్లు ఎక్కడ ఆగాయో అక్కడి ప్రభుత్వాన్ని అడిగించండి, వాళ్లకు రానిది మాకు వచ్చిందని వినడం మాకు కష్టంగా ఉంది. వెట్టి చట్టం అమలును చూసే విజిలెన్స్ కమిటీల్లో విడుదలైనవాళ్లలో ఒకరిని కూర్చోబెట్టండి. ముందుగా ఆ అన్న మీద, మేస్త్రీ మీద ఫైలులో ఏం రాశారో మళ్లీ ఒకసారి విచారణ జరిపించండి. పత్రాలు అందని కుటుంబాల జాబితా మా అర్జీతో పాటు జిల్లా కార్యాలయంలోనే ఉంది, తెప్పించుకుని చూడమని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

ఇట్లు,
విడుదలైన కుటుంబాల తరఫున
ఒక యానాది యువకుడు,
నెల్లూరు జిల్లా